బొబ్బర్లంక నుంచి నీళ్ళతో పాటు

మంచు ఇంకా విడలేదు. రాజమండ్రిలో ఎక్కిన బస్సు ధవళేశ్వరం బ్యారేజీ మీద లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతోంది. కుడివైపు గోదావరి నిండా నీళ్ళు, అల కూడా లేదు. ఎడమవైపు చూస్తే ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నటి పాయలు, ఒక పాయలో మోకాళ్ళ లోతున నిలబడి వల విసురుతున్న మనిషి. మాఘమాసంలో ఈ గేట్లన్నీ దించే ఉంటాయి. నాలుగు పాయల మీదా కలిపి 175 గేట్లు. వచ్చిన నీళ్ళను ఆపి, లెక్క చూసుకుని, కాలువల్లోకి మళ్ళించే కాలం ఇది. రెండో పంట దాళ్వాకు నాట్లు పడ్డాయి. ఏటిలో సహజంగా వచ్చే నీళ్ళు చాలక, ఎగువన సీలేరు నుంచి వదిలే నీళ్ళను కూడా కలుపుకుని పంట గట్టెక్కించాలి. సుమారు పది లక్షల ఎకరాల డెల్టా చూపంతా ఈ కుడిచేతి వైపు నీళ్ళ మీదే ఉంది.

పిచ్చుకలంక దాటి, ర్యాలి పాయ దాటి, బొబ్బర్లంకలో దిగుదాం. కోనసీమకు ఇదే కొస. దక్షిణానికి తిరిగి నిలబడితే ఎడమన గౌతమి, కుడిన వశిష్ఠ. ఇక్కడ విడిపోయిన ఈ రెండు పాయలూ సముద్రం దాకా మళ్ళీ ఒకటి కావు. వాటి మధ్య ముక్కోణంలో విచ్చుకుంటూ పోయే నేలంతా కోనసీమే.

టీ బండి దగ్గర పొయ్యి రాజుకుంది. బండాయన గ్లాసు చేతికిస్తూ అడుగుతాడు.

“ఎక్కడి దాకాండి?”

“లొల్ల లాకుల దాకా. గట్టు మీద నడిచి.”

“నడిచా? ఆటో వత్తాదండి ఇప్పుడే.”

వద్దంటే ఒక్క క్షణం చూసి, “ఆయ్, మంచిదండి. అయితే రోడ్డు లేని గట్టు మీద ఎళ్ళండి. లారీల దుమ్ముండదు” అంటాడు. ఈ రోజు మనకు దొరికిన మొదటి సలహా ఇదే, వినడం మంచిది.

హెడ్ స్లూయిజు దగ్గర గోడ పట్టుకుని కాస్త వంగి చూడండి. ఏటి పక్క నీళ్ళు కదలనే కదలవు. కాలువ పక్కన మాత్రం తూముల కింద నుంచి తన్నుకుంటూ, నురగ కక్కుతూ, సుడులు తిరుగుతూ బయటికొస్తాయి. పది బారలు పోయేసరికి ఆ ఉరవడి అంతా దిగిపోయి మామూలు నడకకు వస్తాయి. అక్కణ్ణుంచి వాటి నడకా మన నడకా ఇంచుమించు ఒకటే. కొబ్బరి డొక్క ఒకటి కొట్టుకుపోతోంది, దాన్ని గుర్తు పెట్టుకోండి. మనం ఆగి చెప్పులో రాయి తీసుకుంటే అది ముందుకు పోతుంది. అది రేవు మెట్టుకు తగులుకుని గింగిర్లు తిరుగుతుంటే మనం దాటేస్తాం. నీటి పక్కన నడవాలంటే నీటి అడుగులోనే అడుగు వెయ్యాలి. బండి మీద పోయేవాళ్ళకు ఈ కాలువ ఎటు పారుతోందో కూడా తెలియదు.

గట్టు మీద మట్టి తడిగా, మెత్తగా ఉంది. రాత్రి మంచుకు గడ్డి వంగిపోయి పంచె అంచులు తడుస్తున్నాయి. ఒకవైపు కాలువ, రెండోవైపు అరటి తోట. గెలలకు వాటి ఎండుటాకులే చుట్టి కట్టారు. తోట దాటాక ఒక మామిడి చెట్టు నిలువెల్లా పూత మీదుంది, దాని కింద నుంచి పోతుంటే ముక్కుకు వగరు, తీపి కలిసి తగులుతాయి. అవతలి గట్టున మోటారు సైకిళ్ళ మీద పాల క్యాన్లు, బడి బస్సు, ఇటుకల ట్రాక్టరు. ఇవతల మనం, రెండు గేదెలు, గేదె వీపు మీద ఒక కొంగ.

రేవులన్నీ ఒకటొకటే నిద్ర లేస్తున్నాయి. ఏ రేవుకు ఎవరు వస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. మెట్టు మీద బట్టలు బాదుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మాటలాపి మన వంక చూస్తారు. “ఎవరింటికొచ్చారండీ?” అని పెద్దావిడ. ఎవరింటికీ కాదు, కాలువ చూడ్డానికి వచ్చామంటే నమ్మలేనట్టు నవ్వి, “కాలువలో ఏముందమ్మా చూడ్డానికి, నీళ్ళే కదా” అని పక్కావిడతో అంటుంది. ఆవిడకు అది పుట్టినప్పటి నుంచి ఉన్న కాలువ. వేసవిలో కట్టేసినప్పుడు మాత్రం ఆవిడే ఊళ్ళో అందరికంటే ముందు దాన్ని తలుచుకుంటుంది. ఏప్రిల్ నెల నడిమి దాటాక కాలువలు కట్టేస్తారు. అప్పుడే పూడిక తియ్యాలి, గట్లు బాగుచెయ్యాలి, తలుపులకు మరమ్మతులు చెయ్యాలి. కట్టే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఆ చెరువుతోనే గడపాలి.

ఇంకాస్త ముందుకెళ్తే వంతెన పక్క రాతి మీద నీటి కొలత గీతలున్న చోట, మఫ్లరు చుట్టుకున్న మనిషొకాయన వంగి అంకెలు చూస్తున్నాడు. కాలువ లస్కరు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

“ఎలా ఉన్నాయండీ నీళ్ళు?”

“నిన్నటికంటే రెండంగుళాలు పెరిగినయ్యండి. మొన్న తగ్గించేసరికి శివారు రైతులు ఫోన్ల మీద ఫోన్లు. మనదేముందండి, పైన ఒదిలితే కిందికి పంపుతాం.”

శివారు అన్న మాట ఈ ప్రాంతంలో చాలాసార్లు వింటాం. కాలువ చిట్టచివర ఉన్న పొలాలు అవి. నీళ్ళు అన్నిటికంటే ఆలస్యంగా చేరేది వాటికే, తగ్గినప్పుడు ముందు ఎండేవీ అవే. ఇక్కడ రాతి మీద రెండంగుళాలు అంటే అక్కడ ఒక రైతుకి రాత్రి నిద్ర.

కోనసీమ అనగానే కొబ్బరి చెట్లు, కాలువ, పచ్చటి చేలు ఉన్న బొమ్మ మన కళ్ళ ముందుకు వస్తుంది. దేవుడిచ్చిన అందం అంటారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. ఇదే నేల మీద 1832, 33 సంవత్సరాల్లో కరువు వచ్చి జనం చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు వలసపోయారు. ఏరు అప్పుడూ పక్కనే ఉంది. వానాకాలంలో ఊళ్ళు ముంచి, తర్వాత సముద్రంలోకి పోయేది. 1844లో ఆర్థర్ కాటన్ ఈ ప్రాంతం తిరిగి చూసి ఆనకట్ట కట్టొచ్చని రాశాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. వేల మంది కూలీలు, ధవళేశ్వరం కొండ రాయి, సున్నం. కాటన్ పక్కన ఉండి పని నడిపించిన వీణెం వీరన్న మన మనిషే, రాయబహదూర్ బిరుదు పొందినవాడు. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతకాల్సిందే, వీరన్న పేరు మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లైతే ఎక్కడా లేనే లేవు. ఇప్పుడు మనం బస్సులో దాటి వచ్చిన బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1980ల మొదట్లో పూర్తయింది. ఈ పచ్చదనమంతా కష్టపడి చేసింది, రోజూ చేస్తుంటేనే నిలిచేది. దేవుడి మీద పెట్టేస్తే ఎవరూ పూడిక తియ్యరు.

ఆత్రేయపురం పొలిమేరకు వచ్చేసరికి మంచు పలచబడి, ఎండ వాలుగా కాలువ మీద పడుతోంది. ఈమధ్య సంక్రాంతికి ఇక్కడి కాలువలో పడవ పందేలు పెట్టారు, గట్లు రెండూ జనంతో నిండిపోయాయి. ఈ ఉదయం మాత్రం నీళ్ళలో బాతులే ఉన్నాయి. వంతెన ఎక్కి ఊళ్ళోకి దిగితే ప్రతి రెండో కొట్టు మీదా పూతరేకుల బోర్డే. కొట్ల ముందు ఆగకుండా సందులోకి తిరగండి. కాలుతున్న కొబ్బరాకుల వాసన ఎటు నుంచి వస్తే అటు.

పెంకుటింటి పంచలో ఒకావిడ పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేల మీద బోర్లించిన పెద్ద కుండ. అడుగు భాగం పైకి, నున్నగా, నల్లగా మెరుస్తోంది. పక్కన ఉన్న నోట్లోంచి లోపలికి ఎండు కొబ్బరాకులు ఎగదోస్తోంది. ఆ మంట గబుక్కున లేచి గబుక్కున పడిపోతుంది, అందుకే చెయ్యి ఖాళీ ఉండదు. ఇంకో పక్క వెడల్పాటి గిన్నెలో నానబెట్టి మెత్తగా రుబ్బి పలచన చేసిన బియ్యప్పిండి. జయ రకం బియ్యమైతే రేకు బాగా లేస్తుందని అంటారు. చేతిలో పలచటి గుడ్డ ముక్క. దాన్ని పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ మీద అటు నుంచి ఇటు ఒక్కసారి లాగుతుంది. ‘చుయ్’ మని చప్పుడు. కుండ మీద తెల్లటి పొర ఒకటి పట్టి, మనం రెప్ప వేసేలోపు అంచులు పైకి లేస్తాయి. వేలి కొసలతో ఎత్తి పక్కన పరుస్తుంది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ చప్పుడు. మధ్యమధ్య నూనె గుడ్డతో కుండ తుడుస్తుంది.

“చెయ్యి కాలదాండి?”

“మొదట్లో కాలిపోయేదండి. ఇప్పుడు చెయ్యే చెప్తాది కుండ ఎంత ఏడిగా ఉందో.”

ఒక రేకు ఎత్తి మన చేతిలో పెడుతుంది. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే, వెనక ఉన్న ఆవిడ మొహం కనపడుతోంది. బరువే లేదు. నాలుక మీద వేసుకుంటే బియ్యం రుచి ఒక్క క్షణం తెలిసి మాయమవుతుంది. నెయ్యి, పంచదార లేదా బెల్లం పొడి వేసి చుట్టేది వేరేవాళ్ళు. కొందరు రేకులు తీస్తారు, కొందరు చుడతారు, కొట్టువాళ్ళు అమ్ముతారు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశాలు దాటి పోతున్న ఆ డబ్బాల మీద ఊరి పేరు ఉంటుంది. నడుం వంచి ఈ సెగ ముందు కూర్చునే ఆడవాళ్ళకు ఒక్కో రేకు మీద వచ్చే కూలి కూడా ఆ పేరుతో పాటు పెరగాలని గట్టిగా అనిపిస్తుంది, ఆవిడ మళ్ళీ చెంగుతో కణతలు తుడుచుకుంటుంటే. కాలువ లేకపోతే వరి లేదు, గట్టు మీద కొబ్బరి లేదు, ఆ ఆకుల మంట లేదు. పదార్థాలన్నీ ఇంటి చుట్టూ నాలుగడుగుల్లో దొరికే ఊళ్ళోనే ఇలాంటి వంట పుడుతుంది.

మళ్ళీ గట్టెక్కుదాం. ఇవాళ శనివారమైతే ఈ దారిలో మనకు నడవడానికి చోటు కూడా దొరకదు. గౌతమి ఒడ్డున వాడపల్లి వెంకన్న దగ్గరకు ఏడు శనివారాలు వస్తామని మొక్కుకున్నవాళ్ళు వేలల్లో వస్తారు. మామూలు రోజు కాబట్టి లొల్ల దాకా గట్టు మనదే.

లాకులు కనపడక ముందే వినపడతాయి. పొద్దున్న బొబ్బర్లంకలో విన్న హోరే. ప్రధాన కాలువ ఇక్కడ పాయలవుతుంది. ఒకటి గన్నవరం వైపు, ఇంకొకటి అమలాపురం వైపు. రాతి గోడలు, ఇనప తలుపులు, వాటి మీద మరలు తిప్పే చక్రాలు, చుట్టూ పెద్ద చెట్ల నీడ. సినిమావాళ్ళు ఎన్నోసార్లు ఇక్కడ కెమెరాలు పెట్టారు. వాళ్ళు చూసింది నీడనూ నురగనూ. నాకైతే రాతి గోడకు పడిన గాళ్ళు చూడటం ఇష్టం. పడవలు కట్టిన తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకుని రాయి అరిగిందని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తారు. వేలు పెట్టి చూడండి, చిటికెన వేలు సగం దిగుతుంది.

చెట్టు కింద అరుగు మీద కూర్చున్న ముసలాయన మనం వేలు పెట్టడం చూసి పలకరిస్తాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో పడవ మీద తిరిగాడట.

“ఎగువ నుంచి పడవొచ్చిందనుకోండి. ముందు దాన్ని ఈ రెండు తలుపుల మజ్జిలోకి తెత్తారు. ఎనకాల తలుపులు మూసేత్తారు. కింద తూము ఎత్తితే నీరు మెల్లగా జారిపోద్ది. పడవ మనతో సహా దిగిపోద్ది. గోడలు పైకి పోతన్నట్టు ఉండేదండి నాకు. దిగువ నీరూ లోపల నీరూ సమానం అయ్యాక ముందు తలుపులు ఇప్పేవోరు. అంతే, ఎల్లిపోడవే.”

“ఏమేం తీసుకెళ్ళేవారు?”

“ధాన్యం, కాయలు, కర్ర, కుండలు. పెళ్ళోళ్ళు కూడాను. గాలి ఉంటే తెరచాప, లేపోతే గట్టు మీంచి తాడు లాగడం. ఇదిగో మీరు నడిచొచ్చిన గట్టే.”

కాటన్ నీటి పారుదలకు ఎంత పట్టుబట్టాడో, పడవలు తిరగడానికీ అంతే పట్టుబట్టాడు. గోదావరి కాలువలూ కృష్ణా కాలువలూ బకింగ్‌హాం కాలువా కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ దారి ఉండేది. రోడ్లూ వంతెనలూ లారీలూ వచ్చాక పడవలు పోయాయి. తాడు లాగిన మనుషుల అడుగులతో గట్టిపడిన దారి మీదే మనం పొద్దున్నుంచీ వస్తున్నాం. దీన్ని నడకదారిగా నిలబెట్టుకోవాలని, అక్కడక్కడ చెట్టు నాటి, అరుగు కట్టి, ఆక్రమణలు లేకుండా చూస్తే చాలని ముసలాయనతో అంటే, “అంత పెద్ద కోరికేం కాదులెండి అది” అన్నాడు.

లొల్ల దగ్గర మామూలుగా చూడవచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. మనం తిరగొద్దు. లాకుల దిగువన పొలాల్లోకి పోయే ఒక చిన్న కాలువ గట్టు పట్టుకుందాం. అర కిలోమీటరు పోయాక ఆగి రెండువైపులా చూడండి. ఒకవైపు కాలువలో నీటి మట్టం. ఇంకోవైపు వరి చేలు, నీటి మట్టం కంటే కిందకి. గట్టు చేల నుంచి నడుం ఎత్తున ఉంటే, నీళ్ళు దాదాపు అంత ఎత్తునా మన పక్కనే పోతున్నాయి. డెల్టాలో కాలువ ఎప్పుడూ ఎత్తు మీదే పోవాలి. వరద వచ్చినప్పుడు ఏరు మోసుకొచ్చే ఒండ్రు ఒడ్డు పక్కనే ఎక్కువ పడుతుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. అలా వందల ఏళ్ళు పడిపడి ఒడ్లు మెరకయ్యాయి, నడుమ నేల పల్లమైంది. ఆ మెరకల మీద కాలువ తవ్వితే, పెంకుటింటి వెన్నుగాడి మీద పడ్డ వాన రెండు వాలులకూ జారినట్టు, నీళ్ళు మోటారు లేకుండా రెండువైపులా పొలాల్లోకి వాటంతటవే దిగుతాయి.

కాలువ నుంచి తూము, తూము నుంచి బోదె, బోదె నుంచి మడి. ఒక రైతు బోదెలో మోకాళ్ళ మీద వంగి, గడ్డి కలిపిన మట్టి ముద్దతో గండి పూడుస్తున్నాడు. తన మడి నిండింది, ఇక కింద మడికి వదలాలి. దాళ్వాలో నీళ్ళు తక్కువైతే వంతులు పెడతారు, ఆ వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే పార పట్టుకుని రావాలి. నాట్లు వేసి మూడు వారాలైనట్టుంది. మొక్కల మధ్య ఇంకా నీళ్ళు కనపడుతున్నాయి, ఆ నీళ్ళలో ఆకాశం, దాని మీద కొబ్బరి చెట్ల తలలు. గట్టు పక్కన కరెంటు తీగ మీద లకుముకి పిట్ట.

పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరుగా పల్లానికి దిగుతూ పోదాం. గట్టు జారుతుంది, చెప్పులు చేతిలోకి తీసుకోండి. కొబ్బరి తోట ఒకటి అడ్డం వస్తుంది. కింద కోకో మొక్కలు, కంద. దింపు అయినట్టుంది, కాయలు రాశి పోసి ఉన్నాయి. ఇద్దరు ఒలుపు పనివాళ్ళు నేలలో పాతిన ఇనప మొన మీద కాయను గుచ్చి విసురు మీద విసురుతో డొక్క విడదీస్తున్నారు. మూడు విసుర్లకు ఒక కాయ. చూసేవాళ్ళకు భయం, వాళ్ళకు మాటలు కూడా ఆగవు. 1996 నవంబరు తుపాను గురించి ఏ తోటలో అడిగినా చెప్తారు. ఒక్క రాత్రిలో చెట్లు పడిపోయాయి, కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మన తలల మీద ఊగుతున్న చెట్లలో చాలా వరకు ఆ తర్వాత నాటినవే.

తోట దాటితే నేల ఇంకా దిగుతుంది, అక్కడ మనం వెతుక్కుంటూ వచ్చింది కనపడుతుంది. మురుగు కాలువ.

దీనికి బోర్డు లేదు, రేవు మెట్లు లేవు, సినిమావాళ్ళు రారు. నీళ్ళు నల్లగా, కదిలీ కదలనట్టు ఉన్నాయి. సగం మేర గుర్రపు డెక్క అల్లుకుపోయింది. ఊదా పూలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ ఆ పూల కింద నీరు నడవదు. మడుల్లో మిగిలిన నీళ్ళు, వాన నీళ్ళు, ఊళ్ళ వాడకం నీళ్ళు, అన్నీ చివరికి దీన్లోకే రావాలి. దీన్లోంచి ఏటికో సముద్రానికో పోవాలి. ఎత్తున ఉన్న కాలువ ఎంత ముఖ్యమో పల్లాన ఉన్న ఇదీ అంతే. వానాకాలపు పంట సార్వా రోజుల్లో నాలుగు రోజులు ముసురు పట్టి, అదే సమయంలో ఏటికి వరద, సముద్రానికి పోటు కలిశాయంటే ఈ నీళ్ళకు దారి ఉండదు. వెనక్కి ఎగదన్ని చేలు ముంచుతాయి. ఈనే దశలో వరి వారం రోజులు నీళ్ళలో ఉంటే ఇక చెప్పడానికి ఏమీ ఉండదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. దేశానికి అన్నం పెట్టే నేల మీద రైతులు ‘ఈ ఏడు పండించం’ అన్నారు. గిట్టుబాటు ధర లేదు, ఖర్చులు పెరిగాయి, మురుగు దిగడం లేదు అన్నవి వాళ్ళు చెప్పిన కారణాలు. మూడోది మన కళ్ళ ముందు ఉంది. పూడిక తీయించడం, డెక్క తొలగించడం, ఆక్రమణలు ఆపడం, సముద్రం కాడ మొగలు మూసుకుపోకుండా చూడటం. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. ఏటేటా చెయ్యాల్సిన పని. కొత్త కాలువకు కొబ్బరికాయ కొట్టడానికి చాలామంది వస్తారు, మురుగు కాలువలో పూడిక తియ్యడానికి డబ్బు అడిగితే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. కోనసీమను ప్రేమిస్తున్నామనేవాళ్ళు వచ్చి నిలబడాల్సింది ఈ గట్టు మీద అని నా నమ్మకం.

ఏడాదిలో ఒక్క రోజు ఇలాంటి నీటి మీద అందరి కళ్ళూ పడతాయి. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం వాళ్ళు తమ ప్రభలను భుజాల మీద ఎత్తుకుని కౌశిక మురుగు కాలువలోకి దిగి, పీకల్లోతు నీళ్ళలో దాటిస్తారు. ఒడ్డెక్కాక పచ్చటి చేలలోంచే తీసుకుపోతారు. తొక్కినా మంచిదే, పంట బాగా వస్తుందని చేను గల రైతే ముందుండి పిలుస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ కౌశిక మిగతా రోజుల్లో మురుగు మోస్తూనే ఉంటుంది.

కాళ్ళు కడుక్కుని రోడ్డెక్కుదాం. ఆటో రావులపాలెంలో దింపుతుంది, అక్కడ అరటి మార్కెట్టు గెలలతో నిండి ఉంది. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి అని పేర్లు అరుస్తున్నారు. బస్సు మారి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. దారిలో ఇళ్ళ అటకల మీద కురిడీ కాయలు నిలవ ఉంటాయని, ఏడాది దాకా ఓపిక పట్టి గుండు ఎండాక ఉత్తరాది వ్యాపారులకు అమ్ముతారని పక్క సీటాయన చెప్పుకొచ్చాడు.

గన్నవరంలో దిగగానే వైనతేయ. వశిష్ఠ నుంచి విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే పాయ. ఈ పాయ అడ్డం ఉండగా లొల్ల నుంచి వచ్చిన కాలువ అవతలి నేలకు ఎలా పోవాలి? ఏటి మీదుగానే పోవాలి. 1850ల మొదట్లో, ఆనకట్ట పూర్తవుతున్న రోజుల్లోనే, ఇక్కడ 49 తోరణాల అక్విడెక్టు కట్టారు. ఒక్కో తోరణం 40 అడుగులు. ఒకే పనుల కాలంలో, ఏటికి మళ్ళీ వరద వచ్చేలోపు ముగించారు. దాని పని ఇప్పుడు 2000లో ప్రారంభమైన కొత్త అక్విడెక్టు చేస్తోంది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరంలో, ఏళ్ళూ పాయలూ దాటి అలసి వచ్చినవాళ్ళకు వేళ చూడకుండా వండి పెట్టింది. రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే.

అక్విడెక్టు నడుమకు నడిచి వెళ్ళి కిందకి చూడండి. కింద ఏరు దక్షిణానికి పోతోంది. పైన కాలువ దాన్ని అడ్డంగా దాటి రాజోలు వైపు, అంతర్వేది దాకా ఉన్న పొలాలకు పోతోంది. ఈ కాలువలో పొద్దున్న మనతో నడిచిన నీళ్ళలో కొన్నైనా ఉంటాయి. కింద లంక నుంచి నాటు పడవ ఒకటి వస్తోంది. బెండకాయల గోనెలు, గడ్డి మోపులు, ఒక సైకిలు, బడి సంచీతో ఒక పిల్ల. వరదల రోజుల్లో లంక ఊళ్ళకు ఆ పడవే బడికీ ఆసుపత్రికీ దారి.

అవతలి గట్టు దిగేచోట సైకిలు ఆపి నిలబడి ఉన్నాడొక రైతు. భుజాన పార. మన కాళ్ళకు అంటిన మట్టి చూసి అడిగాడు.

“ఎక్కణ్ణించండి రావడం?”

“బొబ్బర్లంక నుంచి లొల్ల దాకా నడిచి, అక్కణ్ణుంచి బస్సు.”

ఆ మాటకు సైకిలు స్టాండు వేసి దగ్గరికి వచ్చాడు. “లొల్ల కాడ నీరెలా ఉందండి?”

“నిండుగానే ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ రెండంగుళాలు పెరిగిందని లస్కరు చెప్పాడు.”

“రెండంగుళాలా!” అని వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. “అయితే రేపు రాత్రికి మా తూముకి అందుద్దండి. మా తమ్ముడు ఇంజను అద్దెకి మాట్లాడతానన్నాడు, ఒద్దని చెప్పాలి” అంటూ జేబులోంచి ఫోను తీసి, సైకిలు అక్కడే వదిలేసి గట్టు మీద నడుచుకుంటూ మాట్లాడటం మొదలుపెట్టాడు.